స్టాండ్‌లో కూర్చున్నవాళ్ళు

మ్యూజియానికి వెళ్దామని బోగ్నా ఫోన్ చేసినప్పుడే తెయోదోర్‌కి ఏదో అనుమానం వచ్చింది. ఓల్షినెట్స్ స్టేడియం పేరు కూడా ఇంట్లో ఎత్తనివ్వని కూతురు అది. టీవీలో జూజెల్ పందెం మొదలై, మట్టి ట్రాకు మీద తిరిగే ఆ బ్రేకుల్లేని మోటారుసైకిళ్ళ రొద వినబడిందంటే చాలు, చేతిలో పని ఉన్నా లేకపోయినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అలాంటిది ఇప్పుడు తనంతట తనే, "శనివారం అందరం కలిసి వెళ్దాం నాన్నా. స్టేడియం కింద గదుల్లో మ్యూజియం పెట్టారట. సరదాగా ఉంటుంది" అంటోంది.

"సరదాగానా?" అన్నాడు తెయోదోర్.

గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది బోగ్నా.

"కలీనా పందేల బడిలో చేరతానంటోంది. వేసవంతా ఎవరిదో చిన్న బండి అడుక్కుని తిరిగింది. ఇప్పుడు క్లబ్బులో పేరు రాయించాలట, నేను సంతకం పెట్టాలట. వాళ్ళ నాన్న సంగతి తెలుసుగా, జర్మనీలో లారీ నడుపుకుంటూ 'మీ అమ్మ ఎలా అంటే అలా' అని చేతులు దులుపుకున్నాడు. నేనెంత చెప్పినా వినదు. అక్కడ గోడ మీద పందేల్లో పోయినవాళ్ళ ఫోటోలున్నాయట. అవి చూడనీ. ఆ గోడ పక్కన నిన్నూ చూడనీ. నువ్వే చెప్పు దానికి, అన్నీ చెప్పు."

ఫోన్ పెట్టేసి తెయోదోర్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. భార్య ఇర్మినా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తలెత్తకుండానే అడిగింది.

"ఏమంటుంది నీ కూతురు?"

"మనవరాల్ని బెదిరించాలట. నన్ను బూచిగా పట్టుకెళ్తుందట."

"మంచిదే. ఆ మొహానికి వేరే వేషం అక్కర్లేదు."

నలభై ఏళ్ళుగా ఆ మాటకారితనంతోనే ఇర్మినా అతన్ని బతికించుకుంటూ వచ్చింది. నడుము కింద ఏమీ తెలియని మనిషిని రాత్రుళ్ళు లేచి పక్కకి తిప్పడం, వీపు మీద పుండు పడిందేమోనని రోజూ అద్దం పెట్టి చూడడం, ఇవన్నీ ఆమె ఏదో ఒకటి సణుగుతూనే చేసింది. ఒక్కనాడు కూడా జాలి పడినట్టు కనపడలేదు. అందుకే తెయోదోర్‌కి ఆమె అంటే ప్రాణం.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. అక్టోబరు నెల, పందేల కాలం అయిపోయింది. దారి పొడుగునా మొక్కజొన్న కోసేసిన పొలాల మీద పొగమంచు పట్టి ఉంది. బోగ్నా కారు నడుపుతోంది. మడిచిన చక్రాల కుర్చీ డిక్కీలో ఉంది. వెనక సీట్లో ఇర్మినా ఒళ్ళో గుడ్డు ముక్కలు పెట్టిన రొట్టెల డబ్బా, ఉప్పు దోసకాయల సీసా. ఆమె పక్కన కలీనా. పదిహేనేళ్ళ పిల్ల, ఒక్కచోట కుదురుగా కూర్చోదు. ముందు సీట్లో ఉన్న తాత భుజం పట్టుకుని ముందుకు వంగింది.

"తాతా, మీ కాలంలో ఇంజిన్ నిలువుగా ఉండేది కదూ? ఇప్పుడు పడుకోబెట్టినట్టు ఉంటుంది. నిలువుగా ఉంటే మలుపులో బండి లేచిపోదా?"

"లేచేది. లేవనిస్తే మనదే తప్పు."

"బ్రేకుల్లేకుండా భయం వేసేది కాదా?"

"బ్రేకులుంటే భయం వేసేది. ముందువాడు ఎప్పుడు తొక్కుతాడో తెలియదుగా."

కలీనా పకపక నవ్వింది. బోగ్నా స్టీరింగు గట్టిగా పట్టుకోవడం తెయోదోర్ చూశాడు. తను వచ్చిన పని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మ్యూజియం అంటే పెద్ద భవనమేమీ కాదు. పెద్ద స్టాండు కింద ఒకప్పుడు ఆటగాళ్ళు బట్టలు మార్చుకున్న నాలుగు గదులు. గుమ్మంలో ఎడ్మండ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు తెయోదోర్ బండికి మెకానిక్. ఇప్పుడు ఈ గదులకి తాళాలు తీసేవాడూ, దుమ్ము దులిపేవాడూ, కథలు చెప్పేవాడూ అన్నీ అతనే. వీళ్ళని చూడగానే రెండు చేతులూ చాచాడు.

"ఒరేయ్ తెయో! బతికే ఉన్నావట్రా!"

"ఉన్నట్టే ఉంది."

"బతికున్నవాళ్ళని పెట్టుకోడానికి నా దగ్గర చోటు లేదురా. సరే, వచ్చావుగా, రా."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఎడ్మండ్ కళ్ళు తుడుచుకుని కుర్చీ వెనక్కి వెళ్ళాడు. "నేను తోస్తానమ్మా, మీరు సగం జన్మంతా తోశారు" అని ఇర్మినాతో అన్నాడు.

లోపలికి వెళ్ళగానే ఇంజిన్లలో పోసే ఆముదం వాసన. కాలిన ఆముదం, మండిన స్పిరిట్టు, పాత తోలు కలిసిన వాసన. నలభై ఏళ్ళుగా అది తెయోదోర్ ముక్కుకి తగల్లేదు. మెదడుకి ఇంకా అందకముందే అతని కుడి మణికట్టు దానంతట అదే కిందికి తిరిగింది, లేని హ్యాండిల్ మీద లేని యాక్సిలరేటరు తిప్పుతున్నట్టు. ఎవరైనా చూశారేమోనని చేతిని కంబళి కింద దాచుకున్నాడు.

బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గోడలకి మోకాళ్ళ దగ్గర అరిగిపోయిన తోలు దుస్తులు, రంగు రంగుల హెల్మెట్లు, పందేల్లో గెలిచిన గాజు కప్పులు. పెన్సిలుతో పాయింట్లు గీసిన పాత పందేల కాగితాలు కూడా అద్దాల వెనక పెట్టారు. మధ్యగదిలో ఒక బండి మాత్రం తాడు కట్టకుండా వదిలారు, పిల్లలు ఎక్కి ఫోటోలు దిగడానికి. కలీనా ఎవరినీ అడగలేదు, ఎక్కేసింది. ఎడ్మండ్ ఎడమ కాలికి తొడిగే ఇనుప చెప్పు తెచ్చాడు. మలుపులో నేల మీద ఈడ్చే కాలు అది. కలీనా బూటుకి తొడిగి పట్టీ బిగించాడు. ఆ పిల్ల కాలు ముందుకి చాపి, ఒంటిని బండి మీద నుంచి పక్కకి వాల్చి, గడ్డం కిందికి దించింది.

ఎడ్మండ్ మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నా."

అతను తెయోదోర్ వైపు చూశాడు. తెయోదోర్ బోగ్నా వైపు చూశాడు. బోగ్నా గోడ వైపు చూస్తోంది.

తర్వాతి గదిలో తెయోదోర్ తన కోసం తను వెతుక్కున్నాడు. ఎవరికీ చెప్పలేదు కానీ వచ్చినప్పటి నుంచీ అతని మనసులో ఉన్నది అదే. ఎక్కడో ఒకచోట తన హెల్మెట్టో, తన పేరో ఉంటుందనుకున్నాడు. లేదు. చివరికి కలీనాయే కనిపెట్టింది. జట్టంతా నిలబడి దిగిన ఫోటోలో, రెండో వరసలో, ఎవరిదో భుజం వెనక నుంచి సగం మొహం.

"తాతా, ఇది నువ్వేనా? జుట్టుందే!"

"ఉండేది."

"కళ్ళు మూసుకున్నావు."

"ఎండ."

ఇర్మినా దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఈ సగం మొహం చూసే పెళ్ళి చేసుకున్నాను. రెండో సగం తర్వాత తెలిసింది" అంది. ఎప్పుడూ అనేలాగే అంది. కానీ అద్దం మీద వేలు కాసేపు అలాగే ఉంచింది.

చివరి గది చిన్నది. అక్కడ బళ్ళు లేవు. ఒక గోడ నిండా ఫోటోలు, కింద ఎర్రగాజు దీపాలు. లోపలికి వెళ్ళగానే ఎడ్మండ్ టోపీ తీసేశాడు. బోగ్నా కూతుర్ని భుజం పట్టి గోడ ముందు నిలబెట్టింది.

"చదువు."

"అమ్మా..."

"పైకి చదువు. పేరు, వయసు."

కలీనా చదవసాగింది. మొదట గొంతులో చిరాకు ఉంది, ఏదో పాఠం అప్పగిస్తున్నట్టు. నాలుగో పేరుకి వచ్చేసరికి చిరాకు పోయింది. ఇరవై మూడు. ఇరవై ఏడు. ముప్ఫై ఒకటి. తర్వాత ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. బుగ్గ మీద మొటిమలున్న కుర్రవాడు, మెడ చుట్టూ తల్లి అల్లిన మఫ్లరు.

"పంతొమ్మిది," అంది మెల్లిగా.

"లుత్సియాన్," అన్నాడు తెయోదోర్. "పై ఊరు పందేలకి వెళ్ళినప్పుడు మేమిద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. నిద్రలో పాటలు పాడేవాడు. చర్చి పాటలు. నిద్రపోనిచ్చేవాడు కాదు. బూటు విసిరేవాణ్ణి."

కలీనా మిగతా పేర్లు కూడా చదివి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

"నాన్నా," అంది బోగ్నా. "ఇప్పుడు నీ సంగతి చెప్పు."

"ఇక్కడ కాదు. బయటికి తీసుకెళ్ళు."

ఎడ్మండ్ పక్క తలుపు తీశాడు. ఏటవాలు బాట మీదుగా కుర్చీని స్టాండులో కింది వరస దాకా తెచ్చి, "మీరు మాట్లాడుకోండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఎదురుగా ఖాళీ ట్రాకు. వాన తడికి నల్లగా ఉంది. పాత చెక్క బల్లల స్థానంలో ప్లాస్టిక్ సీట్లు వచ్చాయి, చుట్టూ కంచెకి గాలి నింపిన దిళ్ళు వచ్చాయి. తను పడ్డ రెండో మలుపు మాత్రం అక్కడే ఉంది.

తెయోదోర్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం వాన పడిందనీ, ట్రాకు ఆరకముందే పందెం పెట్టారనీ చెప్పాడు. ముందున్నది తనే. మూడో చుట్టులో ముందు చక్రం గాడిలో పడింది, హ్యాండిల్ చేతిలోంచి ఊడిపోయింది. అప్పుడు అక్కడ దిళ్ళు లేవు, చెక్క కంచె. వెనక వస్తున్నవాడు తన మీదుగా పోకుండా బండిని కింద పడేశాడట, పాపం వాడి భుజం విరిగింది. ఎవరి తప్పూ లేదు. తర్వాత ఆసుపత్రి. తర్వాత ఇల్లు. ఆ 'తర్వాత' గురించి కూడా చెప్పాడు. మూత్రం గొట్టం, పుండ్లు, జ్వరాలు, మెట్లున్న ఇళ్ళతో చుట్టరికాలు తెగిపోవడం, ఏదీ దాచలేదు. బోగ్నా పెళ్ళిలో తను చర్చి వెనక తలుపు నుంచి లోపలికి వచ్చిన సంగతి కూడా చెప్పాడు.

కలీనా రెప్ప వేయకుండా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"తాతా, ఒక్కటి అడగనా? ఇలా అవుతుందని ముందే తెలిసుంటే, ఎక్కేవాడివి కాదా?"

బోగ్నా తండ్రి వైపు చూసింది. కాదు అన్న ఒక్క మాట కోసమే ఆమె ఇంత దూరం కారు నడుపుకుంటూ వచ్చింది. అది తెయోదోర్‌కి తెలుసు.

"నిజం చెప్పు," అంది ఇర్మినా. "నువ్వు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి, పిల్ల చూస్తుంది."

తెయోదోర్ ట్రాకు వంక చూశాడు.

"తెలిసుంటే భయపడేవాణ్ణి," అన్నాడు. "అయినా ఎక్కేవాణ్ణే అనుకుంటా."

కలీనా మొహం వెలిగింది. అది చూసి బోగ్నా లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు. స్టాండు పైకి, వరసల మధ్యకి చూపించింది.

"నేను అదిగో, అక్కడ కూర్చున్నాను," అంది.

ఇర్మినా తల తిప్పింది. "ఎప్పుడు?"

"ఆ రోజే అమ్మా. నీ ఒళ్ళో. అందరూ ఒక్కసారిగా లేచారు. నాకేమీ కనపడలేదు, అన్నీ వీపులే. నువ్వు నన్ను బల్ల మీద దింపి పరిగెత్తావు. నేను నిన్ను పిలిచాను. తర్వాత నాన్న బండి చప్పుడు కూడా ఆగిపోయింది. ఇద్దరూ వెళ్ళిపోయారనుకున్నాను. నన్ను ఇక్కడ వదిలేసి మీ ఇద్దరూ ఎక్కడికో వెళ్ళిపోయారని."

"నీకు నాలుగేళ్ళు," అంది ఇర్మినా. గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. "నీకు గుర్తు లేదనుకున్నానే."

"పక్కనున్న ఆవిడెవరో నన్ను పట్టుకుంది. ఆవిడ దగ్గర పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఉంది. ఒక్కొక్క గింజా ఒలిచి నా నోట్లో పెట్టింది. జనమంతా వెళ్ళిపోయారు. ఊడ్చేవాళ్ళు వచ్చారు. ఆవిడ ఒలుస్తూనే ఉంది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ కూడా వెళ్ళిపోతుందేమోనని." బోగ్నా ఊపిరి పీల్చుకుంది. "నాన్న ఎక్కుతాడట. ఎందుకెక్కడు? పడ్డవాడికి పడడమే తెలుసు. ఇక్కడ కూర్చోడం తెలియదు."

అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఇర్మినా మోకాళ్ళు పట్టుకుని లేచి కూతురి వెనకే వెళ్ళింది. పైవరసలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం కింద నుంచి కనపడింది. ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు.

తెయోదోర్ ఆ కుర్చీలో నలభై ఏళ్ళు కూర్చున్నాడు. తమ ఇంట్లో దెబ్బ తగిలింది తనకనీ, మోసింది ఇర్మినా అనీ అనుకుంటూ వచ్చాడు. పిల్ల చిన్నది, బయటపడింది అనుకున్నాడు. జూజెల్ చప్పుడు వస్తే బోగ్నా వంటింట్లోకి పోవడం కోపం అనుకున్నాడే గానీ, అక్కడ నిలబడి ఆమె ఏం వింటోందో ఒక్కసారీ అడగలేదు.

కలీనా ఈలోగా కింద కంచె దగ్గరికి వెళ్ళిపోయింది, వాళ్ళకి వీపు పెట్టి. తెయోదోర్ చక్రాలు తిప్పుకుంటూ బాట దిగాడు. గేటు దాటి రెండు మూరలు వెళ్ళేసరికి తడి ట్రాకులో చక్రాలు దిగబడ్డాయి.

"కలీనా, ఇటు రా. ఇరుక్కుపోయాను."

ఆ పిల్ల వచ్చి కుర్చీని లాగింది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"ఇప్పుడు నువ్వు కూడా వద్దంటావు," అంది.

"వద్దనను."

"అమ్మ ఇప్పుడిక ఎప్పటికీ సంతకం పెట్టదు. ఇప్పుడు నేను అడిగితే నేనే చెడ్డదాన్ని. ఇది అన్యాయం తాతా. ఆ రోజు నేను పుట్టను కూడా లేదు."

"నిజమే. అన్యాయమే."

అతను ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కంచె దిండుకి ఆనుకుని నిలబడింది.

"నేను పడ్డప్పుడు నాకేమీ తెలియలేదే," అన్నాడు తెయోదోర్. "కంచె కనపడింది, అంతే. తర్వాత ఆసుపత్రి పైకప్పు. మధ్యలో ఏముందో నా దగ్గర లేదు. అదంతా మీ అమ్మ దగ్గర ఉంది. నాలుగేళ్ళ పిల్ల, ఇన్నేళ్ళూ ఒక్కతే పెట్టుకుని ఉంది. నువ్వు ఎక్కాలా వద్దా అన్నది నేను చెప్పను. కానీ సంతకం అడిగే ముందు అది అడుగు. ఏం చూసిందో అడుగు. పూర్తిగా చెప్పేదాకా విను. మధ్యలో బండి మాట ఎత్తకు."

"ఎంతసేపు?"

"సేపు కాదు. ఎన్నాళ్ళు పడుతుందో."

కలీనా కుర్చీని వెనక్కి తిప్పి, బరువంతా వేసి బాట ఎక్కించింది.

తిరుగు దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి రొట్టెలు తిన్నారు. కారు అద్దాల మీద వాన పడుతోంది. కారంతా దోసకాయలు నమిలే చప్పుడే. కలీనా ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఆ గింజలావిడ ఎలా ఉండేది?"

బోగ్నా అద్దంలోంచి వెనక్కి చూసింది.

"లావుగా," అంది. "పచ్చ కోటు. గోళ్ళు నల్లగా ఉండేవి. ఏదో ఫ్యాక్టరీలో పని అయ్యుండాలి. నా చెవి దగ్గర ఏదో లెక్క పెడుతున్నట్టు గొణిగేది. తర్వాత పెద్దయ్యాక తెలిసింది, అది జపమాల ప్రార్థన అని."

"ఆవిడ పేరు నేను అడగలేదు," అంది ఇర్మినా. "చీకటి పడుతుండగా వచ్చాను. నువ్వు ఆవిడ ఒడిలో నిద్రపోతున్నావు. నిన్ను నా చేతుల్లో పెట్టి, కోటు దులుపుకుని వెళ్ళిపోయింది."

ఇల్లు చేరేదాకా బోగ్నా చెబుతూనే ఉంది. కలీనా మధ్యలో బండి మాట ఎత్తలేదు.

ఆ ఏడు బోగ్నా సంతకం పెట్టలేదు. కలీనా రెండు వారాలు అలిగింది, తర్వాత మానేసింది. శనివారాలు క్లబ్బుకి వెళ్ళి ఇతరుల బళ్ళకి అంటిన మట్టి కడిగి వచ్చేది. తల్లితో గొడవ పడకపోలేదు, తలుపులు దభాలున వేయకపోలేదు. కానీ అప్పుడప్పుడూ వంటింట్లో ఇద్దరూ పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటున్నారని ఇర్మినా ద్వారా తెయోదోర్‌కి తెలిసేది. చలికాలం వెళ్ళింది, ఇంకో చలికాలం వచ్చింది. ఆ చలికాలం చివర ఒక ఆదివారం, భోజనాల దగ్గర సూపు గిన్నెలు తీయకముందే, బోగ్నా కాగితం తీసి సంతకం పెట్టింది.

"నేను లోపలికి రాను," అంది. "చూడమనొద్దు. దింపుతాను, తీసుకొస్తాను. అంతే."

కలీనా లేచి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇర్మినా "సూపు ఒలకబోయకండి" అని కసిరి, ముక్కు చీదుకుంది.

మొదటి రోజు పందేల బడికి అందరూ కలిసే వెళ్ళారు. ఏప్రిల్ ఎండ, చలిగాలి. ఇర్మినా కలీనాతో పాటు లోపలికి వెళ్ళింది. కంచె పక్కన కుర్చీ పెట్టుకోడానికి మంచి చోటుందని క్లబ్బువాళ్ళు తెయోదోర్‌కి ముందే చెప్పి ఉంచారు. ఆ ట్రాకునీ, ఆ పిల్లనీ చూడాలని అతనికి ఎంత ఉందో చెప్పలేం. రాత్రంతా నిద్రపట్టలేదు. బోగ్నా డిక్కీలోంచి కుర్చీ తీయడానికి దిగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ."

"అదేంటి నాన్నా? నీకోసం చూస్తుంది."

"దానికి నిన్ననే చెప్పాను, నేను కారులో ఉంటానని."

బోగ్నా అతని వైపు చూసింది. ఏదో అడగబోయి, తలుపు మళ్ళీ వేసుకుంది. ఇద్దరూ ముందు సీట్లలో పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా స్టేడియం వెనక గోడ తప్ప మరేమీ కనపడదు. బోగ్నా అద్దం కాస్త దించింది.

లోపల ఒక ఇంజిన్ అందుకుంది. గొంతు చీల్చుకున్నట్టు లేచి, మలుపులో తగ్గి, మళ్ళీ లేచింది. బోగ్నా వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తెయోదోర్ ఆ చేతుల మీద తన చెయ్యి వేశాడు. చప్పుడు వింటే ఎవరు ఎక్కడున్నారో అతనికి తెలుస్తుంది. చెప్పలేదు, చెబితే బాగుండదనిపించింది.

ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది.

ఇద్దరూ కదల్లేదు. గోడ మీద నుంచి కాకులు ఎగిరాయి. లోపల ఎవరో ఏదో అన్నారు, ఏమన్నారో తెలియలేదు. బోగ్నా కళ్ళు మూసుకుంది.

"ఇలాగే ఉంటుంది నాన్నా," అంది గుసగుసగా. "ఇలాగే."

"ఊఁ. నేనూ ఉన్నాను."

కొంతసేపటికి ఇంజిన్ దగ్గింది, మళ్ళీ దగ్గింది, అందుకుంది. బోగ్నా ఊపిరి వదిలి తల సీటుకి ఆనించింది. తెయోదోర్ చెయ్యి తీయలేదు. పాఠం అయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని విన్నారు.